సి++ ఆబ్జెక్టులను భద్రంగా కాపీ చేయడం, అసైన్ చేయడం ఎలా?

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో సి++ నేర్చుకున్న వారిని షాలో కాపీకీ (డేటా ఉన్న అడ్రెస్‌ను మాత్రమే కాపీ చేయడం) డీప్ కాపీకీ (ఆ డేటానూ కాపీ చేయడం) తేడా అడిగితే నిర్వచనం తడుముకోకుండా చెబుతారు. మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో జరిగే ఇంటర్వ్యూకు ఆ జవాబు సరిపోతుంది కూడా. అయితే అదే అభ్యర్థి ఉద్యోగంలో చేరి, సొంతంగా ఒక క్లాసు రాసి, దానికి అసైన్‌మెంట్ ఆపరేటర్ జోడించినప్పుడు, డీప్ కాపీ చేయాలన్న సంగతి గుర్తున్నా ఆ నాలుగైదు లైన్లను ఏ వరుసలో రాయాలో తెలియక డేటాను పోగొట్టే కోడ్ రాస్తున్నాడు. కోడ్ రివ్యూల్లో నాకు తరచూ కనిపించే లోపం ఇదే. అందుకే ఈ వ్యాసంలో నిర్వచనాల మీద కన్నా, ఏ పని ముందు చేయాలి, ఏ పని చివర చేయాలి, ఏ పనిని అసలు మీరు చేయనక్కర్లేదు అన్న విషయాల మీదే ఎక్కువగా నిలబడతాను.

ఉదాహరణగా హైదరాబాద్ మెట్రో మార్గాలను దాచుకునే ఒక చిన్న క్లాసు తీసుకుందాం. దాని పేరు ‘మార్గం’. అందులో రెండు సభ్యాలు ఉంటాయి: స్టేషన్ల పేర్లు ఉన్న స్ట్రింగుల అర్రేను చూపే పాయింటర్ (అంటే ఆ అర్రే అడ్రెస్) ‘స్టేషన్లు’, ఆ పేర్లు ఎన్ని ఉన్నాయో చెప్పే ‘సంఖ్య’. ఆబ్జెక్టు పుట్టేటప్పుడు నడిచే కన్‌స్ట్రక్టర్ ఆ అర్రేకు మెమరీని న్యూతో తెచ్చుకుంటుంది, నశించేటప్పుడు నడిచే డిస్ట్రక్టర్ డిలీట్‌తో వదిలేస్తుంది. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు ఉన్న రెడ్ లైన్ మార్గానికి 27 పేర్లు, అదే లైనులో మియాపూర్ నుంచి అమీర్‌పేట వరకు అయితే 11 పేర్లు ఉంటాయి. సి++ కీవర్డులను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో రాశాను. మీరు ఎడిటర్‌లో వాటిని మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగుతో టైప్ చేయాలి. క్లాసులకు, వేరియబుల్స్‌కు మాత్రం తెలుగు పేర్లు పెట్టినా ఇప్పటి కంపైలర్లు ఒప్పుకుంటాయి; జీసీసీ అనే కంపైలర్‌లో 10వ వెర్షన్ నుంచి ఆ వీలుంది.

ముందుగా, అది కాపీయా అసైన్‌మెంటా గుర్తించండి

ఈ రెండు లైన్లను చూడండి.

మార్గం ఖ = క;
ఖ = క;

రెండింటిలోనూ సమాన గుర్తు ఉంది, కానీ అవి పిలిచే ఫంక్షన్లు వేరు. మొదటి లైనులో ఖ అనే ఆబ్జెక్టు అప్పుడే పుడుతోంది కాబట్టి కాపీ కన్‌స్ట్రక్టర్ పని చేస్తుంది. రెండో లైనుకు వచ్చేసరికి ఖ అప్పటికే ఉంది, దాని చేతిలో పాత అర్రే ఒకటి ఉంది, కాబట్టి అసైన్‌మెంట్ ఆపరేటర్ పని చేస్తుంది. కొత్తగా పుట్టే ఆబ్జెక్టుకు పోగొట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఉన్న ఆబ్జెక్టుకు ఉంటుంది. అసైన్‌మెంట్ కష్టమంతా ఈ ఒక్క తేడాలోంచే వస్తుంది.

సమాన గుర్తు లేకుండా జరిగే కాపీలనూ గమనించాలి. ఆబ్జెక్టును రిఫరెన్సుగా కాకుండా విలువగా ఫంక్షన్‌కు పంపినప్పుడు, వెక్టర్‌లోకి (అవసరాన్ని బట్టి పెరిగే అర్రేలోకి) తోసినప్పుడు, ఫర్ లూపులో ఆటో పక్కన & గుర్తు పెట్టడం మరచినప్పుడు కాపీ కన్‌స్ట్రక్టర్ మీకు చెప్పకుండానే నడుస్తుంది.

కంపైలర్ మీ కోసం ఏమి రాస్తుందో తెలుసుకోండి

మీరు ఏమీ రాయకపోతే కంపైలరే రెండు ఫంక్షన్లనూ తయారు చేస్తుంది. అది ప్రతి సభ్యాన్నీ దాని రకానికి తగ్గట్టు కాపీ చేస్తుంది: పూర్ణాంకమైతే విలువ, స్ట్రింగ్ అయితే ఆ స్ట్రింగ్ తనను తాను చేసుకునే పూర్తి కాపీ, పాయింటర్ అయితే అందులోని అడ్రెస్ మాత్రమే. మన క్లాసులో చిక్కు వచ్చేది ఈ మూడో దగ్గరే.

‘మార్గం ఖ = క;’ అన్న తర్వాత క, ఖ రెండూ ఒకే అర్రేను చూస్తుంటాయి. ఖలో 11వ పేరును మార్చితే కలోనూ మారిపోతుంది. ఫంక్షన్ ముగిసేటప్పుడు తర్వాత పుట్టిన ఖ ముందుగా నశించి ఆ అర్రేను వదిలేస్తుంది. ఆ తర్వాత క నశిస్తూ, ఇప్పటికే వదిలేసిన మెమరీని రెండోసారి వదలబోతుంది. సి++ స్టాండర్డ్ ప్రకారం ఇక్కడి నుంచి ఏమైనా జరగవచ్చు. లైనక్స్‌లో చాలాసార్లు ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగిపోతుంది, కొన్నిసార్లు ఏ సూచనా లేకుండా నడిచిపోయి మరెక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. ఈ రెండోదే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అప్పుడు మీరు తప్పును తప్పు ఫైలులో వెతుకుతారు. ఇక కంపైలర్ ఇచ్చిన అసైన్‌మెంట్‌ను వాడితే దీనికి ఇంకొకటి తోడవుతుంది: ఖ దగ్గరున్న పాత అర్రే అడ్రెస్ చెరిగిపోయి, ఆ మెమరీని ఇక ఎవరూ వదలలేరు.

ఆ మెమరీ ఎవరిదో తేల్చుకోండి

కోడ్ రాయడానికి ముందు ప్రతి పాయింటర్, ప్రతి హ్యాండిల్ దగ్గరా ఆగి, దీన్ని వదిలే బాధ్యత ఎవరిది అని అడగండి. ‘ఎప్పుడూ డీప్ కాపీయే చేయాలి’ అని చాలామందికి నేర్పిస్తారు. నా దృష్టిలో అది తొందరపాటు సూత్రం. మన ‘మార్గం’ తన పేర్ల జాబితాకు తానే యజమాని, కాబట్టి దానికి డీప్ కాపీ సరైనదే. కానీ అదే క్లాసులో మొత్తం మెట్రో నెట్‌వర్క్ పటాన్ని చూపే పాయింటర్ ఒకటి ఉందనుకోండి. ఆ పటం ప్రోగ్రామంతటికీ ఒక్కటే, దాన్ని వదిలే బాధ్యత మార్గానిది కాదు. అక్కడ అడ్రెస్‌ను కాపీ చేయడమే సరైన పని. మార్గం కాపీ అయిన ప్రతిసారీ పటాన్నీ కాపీ చేయడం వృథా మాత్రమే కాదు, ఒక స్టేషన్ మూతపడిన సంగతి ఒక పటంలో ఉండి ఇంకో పటంలో లేకపోయే పరిస్థితి తెస్తుంది. అయితే ఆ పటం మార్గాలన్నింటికన్నా ఎక్కువ కాలం బతికి ఉండేలా చూసుకోవాలి.

కొన్నింటికి కాపీ అన్న మాటకే అర్థం లేదు. తెరిచిన ఫైలు, డేటాబేస్ కనెక్షన్, మ్యూటెక్స్ (థ్రెడ్ల మధ్య వాడే తాళం) అలాంటివి. వాటిని పట్టుకున్న క్లాసుకు కాపీ కన్‌స్ట్రక్టర్, అసైన్‌మెంట్ ఆపరేటర్ రెండింటి పక్కనా ‘= డిలీట్’ అని రాయండి; ఎవరైనా పొరపాటున కాపీ చేయబోతే కంపైలరే అక్కడ ఆపుతుంది. 2011 నాటి సి++11కు ముందు దీనికోసం ఆ రెండింటినీ ప్రైవేట్‌లో ప్రకటించి వదిలేసేవారు. పాత కోడ్‌లో అది కనిపిస్తే ఉద్దేశం ఇదేనని గ్రహించండి. నిజంగానే ఇద్దరు ముగ్గురు ఉమ్మడిగా వాడుకోవాల్సిన వస్తువైతే షేర్డ్ పాయింటర్ (చివరి యజమాని పోయాకే వస్తువును వదిలేది) పెట్టండి, అదీ వీలైనంతవరకు కాన్స్ట్ (మార్చడానికి వీల్లేని) వస్తువును చూపేలా పెట్టండి. ఉమ్మడి వస్తువును ఎవరైనా మార్చగలిగితే షాలో కాపీ సమస్యను మళ్లీ పెరటి దారిన రానిచ్చినట్టే.

కాపీ అనే పేరుతో యాజమాన్యాన్ని లాగేసుకునే పద్ధతి ఒకటి సి++లోనే ఉండేది. పాత ఆటో పాయింటర్‌ను అసైన్ చేస్తే కుడివైపు ఉన్నది ఖాళీ అయిపోయేది. కాపీ చేసినప్పుడు మూలం మారకూడదన్న సహజమైన నమ్మకాన్ని అది వమ్ము చేసింది. సి++11లో దాన్ని వాడవద్దని ప్రకటించి, సి++17లో పూర్తిగా తీసేశారు. మీరు రాసే క్లాసులోనూ కుడివైపు ఆబ్జెక్టు చెక్కుచెదరకుండా ఉండాలి. అందుకే పరామితిని కాన్స్ట్ రిఫరెన్సుగా తీసుకుంటాం.

కాపీ కన్‌స్ట్రక్టర్ రాయండి

ఇది సులువైనది. కుడివైపు ఆబ్జెక్టు సంఖ్య చూసి అంత అర్రే తెచ్చుకుని, పేర్లను ఒక్కొక్కటిగా కాపీ చేస్తే సరిపోతుంది. పరామితిని విలువగా తీసుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే అలా పంపడానికే మళ్లీ కాపీ కన్‌స్ట్రక్టర్ కావాలి. కంపైలర్ కూడా దాన్ని ఒప్పుకోదు.

ఒక సూక్ష్మం మాత్రం గుర్తుంచుకోండి. స్ట్రింగును కాపీ చేయడమంటే మెమరీ అడగడమే కాబట్టి, 27 పేర్లలో 15వ పేరు దగ్గర మెమరీ దొరక్క ఎక్సెప్షన్ (పనిని మధ్యలోనే ఆపేసే ఎర్రర్) రావచ్చు. కన్‌స్ట్రక్టర్ పూర్తి కాకుండా ఎక్సెప్షన్ వస్తే ఆ ఆబ్జెక్టు డిస్ట్రక్టర్ నడవదు. అంటే అప్పటికే తెచ్చుకున్న అర్రేను వదిలేవారే ఉండరు. అర్రేను ముందు ఒక యూనిక్ పాయింటర్‌లో (తాను నశించేటప్పుడు మెమరీని తానే వదిలేసే పాయింటర్‌లో) పట్టుకుని, పేర్లన్నీ చేరాకే సభ్యంలోకి మార్చుకుంటే ఈ చిక్కు ఉండదు.

అసైన్‌మెంట్‌లో పనుల వరుస

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. చాలామంది మొదటిసారి రాసే ఆపరేటర్ ఇలా ఉంటుంది.

మార్గం& ఆపరేటర్=(కాన్స్ట్ మార్గం& ఇతర)
{
    డిలీట్[] స్టేషన్లు;
    సంఖ్య = ఇతర.సంఖ్య;
    స్టేషన్లు = న్యూ స్ట్రింగ్[సంఖ్య];
    ఫర్ (సైజ్_టీ ఇ = 0; ఇ < సంఖ్య; ++ఇ)
        స్టేషన్లు[ఇ] = ఇతర.స్టేషన్లు[ఇ];
    రిటర్న్ *దిస్;
}

చదవడానికి ఇది సవ్యంగానే ఉంది: పాతది తీసేశాం, కొత్తది తెచ్చాం, నింపాం. దీన్ని ‘క = క;’ అన్న సందర్భంలో లైను లైనుగా నడిపి చూడండి. ఇతర అన్నా, దిస్ (ఎడమవైపు ఆబ్జెక్టు అడ్రెస్) చూపేదన్నా ఇప్పుడు ఒకే ఆబ్జెక్టు. మొదటి లైనులో 27 పేర్లూ పోయాయి. మూడో లైనులో 27 ఖాళీ స్ట్రింగులతో కొత్త అర్రే వచ్చింది, అదే ఇతర.స్టేషన్లు కూడా. లూపు ఆ ఖాళీ స్ట్రింగులను వాటిలోకే కాపీ చేసి ముగిసింది. ప్రోగ్రామ్ కూలలేదు, ఎక్సెప్షన్ రాలేదు, సంఖ్య ఇంకా 27గానే ఉంది, కానీ మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ వరకు ఒక్క పేరూ మిగల్లేదు.

‘క = క’ అని ఎవరు రాస్తారు అని మీరు అడగవచ్చు. అలా ఎవరూ రాయరు. కానీ ‘జాబితా[ఇ] = జాబితా[జ]’ అని రాస్తారు, ఒకానొక రోజు ఆ రెండు సూచికలూ సమానమవుతాయి. రెండు పాయింటర్లు ఒకే ఆబ్జెక్టును చూస్తున్న సంగతి ఆ ఫంక్షన్‌లో ఉన్నవారికి కనిపించదు.

దీనికి అందరూ చెప్పే మందు, ఆపరేటర్ మొదట్లోనే ‘ఇఫ్ (దిస్ == &ఇతర) రిటర్న్ *దిస్;’ అన్న తనిఖీ. అది పెడితే పై సందర్భం గట్టెక్కుతుంది. కానీ అది జబ్బును కాకుండా ఒక లక్షణాన్ని మాత్రమే నయం చేస్తుంది. ఎందుకో రెండు కారణాలు చూపిస్తాను.

మొదటిది ఎక్సెప్షన్. ఇతర వేరే ఆబ్జెక్టే అనుకుందాం, తనిఖీ దాటి వచ్చాం, పాత అర్రేను వదిలేశాం, ఇప్పుడు న్యూ విఫలమైంది. స్టేషన్లు అన్న పాయింటర్ వదిలేసిన మెమరీని ఇంకా చూపుతూనే ఉంది. సంఖ్య మాత్రం కొత్తదైపోయింది. ఎక్సెప్షన్ పైకి వెళ్లేటప్పుడు ఈ ఆబ్జెక్టు డిస్ట్రక్టర్ నడిచి అదే మెమరీని మళ్లీ వదలబోతుంది. తనిఖీ దీన్ని ఏ విధంగానూ ఆపలేదు.

రెండోది ఇంతకన్నా తక్కువమందికి తెలిసినది. ఒక ట్రీ నోడ్ క్లాసు ఉందనుకోండి, ప్రతి నోడూ తన ఎడమ, కుడి పిల్లలకు యజమాని. ‘వేరు = *వేరు.ఎడమ;’ అని రాస్తే, అంటే ఎడమ కొమ్మనే మొత్తం ట్రీగా చేయమంటే, దిస్, ఇతర అడ్రెస్‌లు వేర్వేరు. తనిఖీ నిశ్చింతగా దాటిపోతుంది. ఆ తర్వాత పాత పిల్లలను డిలీట్ చేయగానే, మనం కాపీ చేయాల్సిన ఇతర కూడా వాటితోపాటే పోతుంది. మూలం గమ్యంలోనే దాగి ఉన్నప్పుడు అడ్రెస్‌ల పోలిక ఏమీ చెప్పలేదు.

ఈ మూడు కష్టాలకూ మందు ఒక్కటే: విఫలం కాగల పనులన్నీ ముందు పక్కన చేసుకుని, పాతదాన్ని వదిలే పని చివరికి ఉంచుకోవడం. అద్దె ఇల్లు మారేవారు కొత్త ఇంటి తాళం చేతికొచ్చాకే పాత ఇల్లు ఖాళీ చేసినట్టు.

మార్గం& ఆపరేటర్=(కాన్స్ట్ మార్గం& ఇతర)
{
    కాన్స్ట్ సైజ్_టీ కొత్త_సంఖ్య = ఇతర.సంఖ్య;
    యూనిక్_పీటీఆర్<స్ట్రింగ్[]> కొత్తవి(న్యూ స్ట్రింగ్[కొత్త_సంఖ్య]);
    ఫర్ (సైజ్_టీ ఇ = 0; ఇ < కొత్త_సంఖ్య; ++ఇ)
        కొత్తవి[ఇ] = ఇతర.స్టేషన్లు[ఇ];
    డిలీట్[] స్టేషన్లు;
    స్టేషన్లు = కొత్తవి.రిలీజ్();
    సంఖ్య = కొత్త_సంఖ్య;
    రిటర్న్ *దిస్;
}

డిలీట్ ఉన్న లైను కన్నా ముందు ఏది విఫలమైనా మన ఆబ్జెక్టు పాత స్థితిలోనే ఉంటుంది, పక్కన తయారవుతున్న అర్రేను యూనిక్ పాయింటర్ వదిలేస్తుంది. ఆ లైను తర్వాత ఉన్నవన్నీ పాయింటర్లు, అంకెలు మార్చే పనులు. అవి విఫలం కావు. తనను తాను అసైన్ చేసుకున్నా పేర్లు భద్రంగా ఉంటాయి, ఒక కాపీ వృథా అవుతుంది, అంతే. ఆ వృథా నిజంగా బాధిస్తోందని కొలిచి చూసుకున్నాక, వేగం కోసం తనిఖీ చేర్చుకోవచ్చు. కానీ తనిఖీ తీసేస్తే తప్పుగా నడిచే ఆపరేటర్‌ను, తనిఖీ ఉన్నా నమ్మకండి.

కొత్త_సంఖ్యను మొదట్లోనే చదివి పెట్టుకున్నాం, గమనించారా? డిలీట్ తర్వాత ఇతరలోంచి ఏదీ చదవకూడదన్న అలవాటు అది. మార్గంలో దానివల్ల తేడా రాకపోవచ్చు. ట్రీ నోడ్‌లో మాత్రం ప్రాణాధారం.

చివరి లైనులో *దిస్‌ను రిఫరెన్సుగా తిరిగి ఇవ్వడం ‘క = ఖ = గ;’ లాంటి గొలుసు కోసం. ప్రాథమిక రకాలు అలాగే నడుస్తాయి కాబట్టి మీ క్లాసూ అలాగే నడవాలి.

అదే వరుసను స్వాప్‌తో సాధించండి

కాపీ కన్‌స్ట్రక్టర్ సరిగ్గా ఉంటే, పై ఆపరేటర్‌లోని పనిని రెండోసారి రాయనక్కర్లేదు. పరామితిని ఈసారి కావాలనే విలువగా తీసుకోండి. లోపలికి వచ్చేసరికే కాపీ తయారై ఉంటుంది. దాని సభ్యాలను మన సభ్యాలతో స్వాప్ చేసి *దిస్‌ను తిరిగి ఇవ్వండి. పాత అర్రే ఇప్పుడు పరామితి చేతిలో ఉంది, ఫంక్షన్ ముగియగానే దాని డిస్ట్రక్టర్ ఆ పని చూసుకుంటుంది. కాపీ విఫలమైతే స్వాప్ దాకా రానే రాము. సి++ నిపుణుడు డేవిడ్ అబ్రహామ్స్ ఎక్సెప్షన్ భద్రతను మూడు స్థాయిలుగా వివరించారు. వాటిలో ఒకటైన, పని పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగనట్టే ఉంటుంది అన్న బలమైన హామీ ఈ పద్ధతితో దాదాపు ఉచితంగా వస్తుంది.

ఇందులో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. స్వాప్ చేయాల్సింది ఒక్కొక్క సభ్యాన్ని. మీ క్లాసుకు సొంత స్వాప్ రాయకుండా, స్టాండర్డ్ లైబ్రరీ స్వాప్‌కు *దిస్‌ను పరామితితో కలిపి ఇస్తే, అది లోపల మళ్లీ అసైన్‌మెంట్‌నే పిలిచి, ఆ అసైన్‌మెంట్ మళ్లీ స్వాప్‌ను పిలిచి, స్టాక్ నిండేదాకా తిరుగుతూనే ఉంటుంది. అలాగే, పరామితిని విలువగా తీసుకునే ఆపరేటర్ ఉన్నప్పుడు మూవ్ అసైన్‌మెంట్‌ను (కాపీ చేయకుండా అవతలి ఆబ్జెక్టు డేటాను తీసేసుకునేదాన్ని) విడిగా రాయకండి; మూవ్ చేసినప్పుడు ఏది పిలవాలో కంపైలర్‌కు తేలక ఎర్రర్ ఇస్తుంది.

ఈ పద్ధతికి ఖర్చూ ఉంది. ప్రతిసారీ కొత్త మెమరీ అడుగుతుంది. స్టాండర్డ్ వెక్టర్ అలా చేయదు. 27 పేర్లకు చోటున్న వెక్టర్‌లోకి 11 పేర్లు అసైన్ చేస్తే ఉన్న చోటునే వాడుకుంటుంది, దానికి బదులుగా బలమైన హామీని వదులుకుంటుంది. సెకనుకు వేలసార్లు అసైన్ చేసే చోట వెక్టర్ దారి మేలు. మిగతా చోట్ల స్వాప్ దారినే నేను ఎంచుకుంటాను.

వీలైతే ఇవేవీ రాయకండి

డిస్ట్రక్టర్, కాపీ కన్‌స్ట్రక్టర్, అసైన్‌మెంట్ ఆపరేటర్, ఈ మూడింటిలో ఏది రాయాల్సి వచ్చినా మిగతా రెండూ రాయాల్సి ఉంటుందన్న మూడింటి నియమాన్ని 1991లో సి++ రచయిత మార్షల్ క్లైన్ చెప్పారు. సి++11లో మూవ్ వచ్చాక అది ఐదింటి నియమమైంది. మీరు డిస్ట్రక్టర్‌ను ప్రకటించగానే కంపైలర్ మూవ్ ఫంక్షన్లను తయారు చేయడం మానేస్తుంది. కాపీ ఫంక్షన్లను మాత్రం పాత కోడ్ కోసం ఇంకా తయారు చేస్తూనే ఉంది, ఆ పద్ధతిని వాడవద్దని స్టాండర్డ్ చెబుతున్నప్పటికీ. అందువల్ల డిస్ట్రక్టర్ ఒక్కటే రాసి ఊరుకున్న క్లాసు ఎర్రర్ లేకుండా కంపైల్ అవుతుంది, ఆ తర్వాత ప్రాణం తీస్తుంది.

మూవ్ రాయాల్సి వస్తే, అవతలి ఆబ్జెక్టు పాయింటర్‌ను నల్ చేసి, సంఖ్యను సున్నా చేయండి. ఫంక్షన్ పక్కన నోఎక్సెప్ట్ (ఎక్సెప్షన్ విసరదన్న హామీ) అని తప్పక రాయండి. ఆ మాట లేకపోతే, వెక్టర్ పెరిగేటప్పుడు మీ ఆబ్జెక్టులను మూవ్ చేయడానికి సాహసించక కాపీలే చేస్తుంది.

ఇంత చెప్పాక నా సలహా వేరుగా ఉంది. ‘స్టేషన్లు’ను స్ట్రింగుల వెక్టర్‌గా మార్చండి. సంఖ్య అక్కర్లేదు, అది వెక్టర్‌కే తెలుసు. డిస్ట్రక్టర్, కాపీ, అసైన్‌మెంట్, మూవ్ అన్నింటినీ చెరిపేయండి. కంపైలర్ తయారు చేసే ఫంక్షన్లు ఇప్పుడు పూర్తిగా సరైనవి, ఎందుకంటే ప్రతి సభ్యమూ తన సంగతి తాను చూసుకోగలదు. దీన్నే సున్నా నియమం అంటారు. కొత్తగా రాసే క్లాసుల్లో దాదాపు అన్నింటికీ ఇదే చాలు. మరి పై వరుస ఎందుకు నేర్చుకోవాలంటే, మీరు చేరబోయే ప్రాజెక్టులో పాత క్లాసులు ఉంటాయి. పైగా ట్రీ నోడ్ లాంటివాటిలో, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే హ్యాండిల్స్‌ను చుట్టే క్లాసుల్లో ఎవరో ఒకరు దాన్ని చేత్తో రాయక తప్పదు. అలా రాసే క్లాసు ఒక్క వనరును మాత్రమే పట్టుకుని ఉండాలి, ఇంకే పనీ చేయకూడదు.

రిఫరెన్స్ సభ్యం గానీ కాన్స్ట్ సభ్యం గానీ ఉన్న క్లాసుకు కంపైలర్ అసైన్‌మెంట్‌ను ఇవ్వదు. ‘అసైన్ చేయాలంటే ఎర్రర్ వస్తోంది’ అనుకున్నప్పుడు మొదట ఇక్కడ చూడండి.

ఇన్‌హెరిటెన్స్ ఉన్నచోట ఆగి ఆలోచించండి

‘మార్గం’ నుంచి ‘మారే మార్గం’ అనే క్లాసు వచ్చిందనుకుందాం. అందులో రైలు మారాల్సిన స్టేషన్ పేరు అదనంగా ఉంటుంది. మియాపూర్ నుంచి రాయదుర్గం వెళ్లాలంటే అమీర్‌పేటలో బ్లూ లైనుకు మారాలి. మియాపూర్ నుంచి ఎంజీబీఎస్‌లో (మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో) గ్రీన్ లైనుకు మారి చిక్కడపల్లి వెళ్లే మార్గం ఇంకొకటి ఉంది. మార్గాల వెక్టర్‌లోకి వీటిలో ఒకదాన్ని తోస్తే మారే స్టేషన్ పేరు తెగిపోయి, బేస్ భాగం మాత్రమే లోపలికి వెళ్తుంది. దీన్నే స్లైసింగ్ అంటారు.

అంతకన్నా దుర్మార్గమైన రూపం రిఫరెన్సులతో వస్తుంది. ఈ రెండు ఆబ్జెక్టులకూ ‘మార్గం&’ రకం రిఫరెన్సులు తీసుకుని, చిక్కడపల్లి దానిలోకి రాయదుర్గం దాన్ని అసైన్ చేయండి. అసైన్‌మెంట్ ఆపరేటర్ వర్చువల్ (ఆబ్జెక్టు అసలు రకాన్ని బట్టి ఎంపికయ్యేది) కాదు కాబట్టి బేస్ ఆపరేటర్ నడుస్తుంది. ఫలితంగా వచ్చే ఆబ్జెక్టులో స్టేషన్లు రాయదుర్గం దారివి, మారే స్టేషన్ మాత్రం ఎంజీబీఎస్. ప్రయాణికుడు అమీర్‌పేట దాటి రెడ్ లైనులోనే వెళ్లిపోతాడు. కంపైలర్ దీనికి హెచ్చరిక కూడా ఇవ్వదు.

కాబట్టి వర్చువల్ ఫంక్షన్లు ఉన్న బేస్ క్లాసులో కాపీ కన్‌స్ట్రక్టర్‌ను ప్రొటెక్టెడ్‌లో పెట్టండి, అసైన్‌మెంట్‌ను డిలీట్ చేయండి. కాపీ నిజంగా అవసరమైతే ‘క్లోన్’ అనే వర్చువల్ ఫంక్షన్ రాసి, ప్రతి డిరైవ్డ్ క్లాసూ తన పూర్తి కాపీని యూనిక్ పాయింటర్‌లో తిరిగి ఇచ్చేలా చేయండి. వర్చువల్ ఫంక్షన్లు లేని చోట డిరైవ్డ్ క్లాసుకు చేత్తో అసైన్‌మెంట్ రాస్తే, లోపల బేస్ క్లాసు ఆపరేటర్‌ను పేరు పెట్టి పిలవడం మరవకండి. కాపీ కన్‌స్ట్రక్టర్‌లోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఇనిషియలైజర్ జాబితాలో బేస్‌ను రాయకపోతే కంపైలర్ బేస్ డిఫాల్ట్ కన్‌స్ట్రక్టర్‌ను పిలుస్తుంది, మీ కాపీలో బేస్ భాగం ఖాళీగా పుడుతుంది.

జావా, పైథాన్ రాసేవారికి

ఈ భాషల్లో సమాన గుర్తు ఆబ్జెక్టును ఎప్పుడూ కాపీ చేయదు; ఇంకో పేరును అదే ఆబ్జెక్టుకు తగిలిస్తుంది. మెమరీని రెండుసార్లు వదలడం ఉండదు గానీ, ఒకరి డేటాను ఇంకొకరు తెలియకుండా మార్చడం అలాగే ఉంటుంది.

జావాలో క్లోనబుల్ ఇంటర్‌ఫేస్‌లో ఒక్క మెథడ్ కూడా లేదు, ఆబ్జెక్ట్ క్లాసులోని క్లోన్ ప్రొటెక్టెడ్, పైగా అది చేసేది షాలో కాపీ. దాన్ని వదిలేసి కాపీ కన్‌స్ట్రక్టర్ రాసుకోవడమే మంచిది. బయటి నుంచి వచ్చిన జాబితాను కన్‌స్ట్రక్టర్‌లో దాచుకునేటప్పుడు ముందు కాపీ తీసి, ఆ కాపీనే తనిఖీ చేయండి. ముందు తనిఖీ చేసి తర్వాత కాపీ తీస్తే ఆ రెండింటి మధ్య ఇంకో థ్రెడ్ దాన్ని మార్చగలదు. జావా 10 నుంచి లిస్ట్.కాపీఆఫ్ మార్చడానికి వీల్లేని జాబితాను ఇస్తుంది, కానీ అందులోని ఆబ్జెక్టులు పాతవే అన్నది గుర్తుంచుకోండి.

పైథాన్‌లో జాబితాను స్లైస్ చేసినా, కాపీ మాడ్యూల్‌లోని కాపీ ఫంక్షన్ వాడినా పై పొర మాత్రమే కొత్తది. డీప్‌కాపీ లోతుకు వెళ్తుంది, ఇప్పటికే కాపీ చేసినవాటిని గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి ఒకదాన్నొకటి చూపుకునే ఆబ్జెక్టుల దగ్గరా చిక్కుకోదు. అయితే ఉమ్మడిగా ఉండాల్సిన పటాన్ని కూడా అది కాపీ చేసేస్తుంది; ఆ మెమరీ ఎవరిదన్న ప్రశ్నకు జవాబును మీరు డబుల్ అండర్‌స్కోర్ల మధ్య ఉండే డీప్‌కాపీ మెథడ్‌లో రాసి చెప్పాలి.

రాసినదాన్ని పరీక్షించండి

కాపీ తీసి, కాపీని మార్చి, మూలం మారలేదని చూడండి. తర్వాత మూలాన్ని మార్చి కాపీని చూడండి. 27 పేర్ల మార్గంలోకి 11 పేర్లది, 11 పేర్లదానిలోకి 27 పేర్లది, రెండింటిలోకీ ఖాళీ మార్గం అసైన్ చేయండి. తనను తాను అసైన్ చేసే పరీక్షను రిఫరెన్స్ ద్వారా రాయండి; నేరుగా ‘క = క’ అని రాస్తే కొన్ని కంపైలర్లు హెచ్చరిస్తాయి. ఆ పరీక్షలో ప్రోగ్రామ్ కూలలేదని చూసి ఆగిపోకుండా, పేర్లు ఇంకా ఉన్నాయో లేదో పోల్చండి. ఇవన్నీ జీసీసీలో గానీ క్లాంగ్ కంపైలర్‌లో గానీ అడ్రెస్ శానిటైజర్ (మెమరీ తప్పులను పట్టే సాధనం) ఆన్ చేసి నడపండి. రెండుసార్లు వదలడం, వదిలేశాక చదవడం జరిగితే అది ఏ లైనులో వదిలారో, ఏ లైనులో మళ్లీ ముట్టుకున్నారో చూపుతుంది. లైనక్స్‌లో మామూలుగా వదలకుండా మిగిలిన మెమరీనీ చెబుతుంది.

ఎక్సెప్షన్ భద్రతను చాలామంది పరీక్షించరు, ఎందుకంటే మెమరీ కావాలనుకున్నప్పుడు అయిపోదు. దానికి ఒక ఉపాయం ఉంది. క్లాసును టెంప్లేట్‌గా మార్చి, స్ట్రింగ్ బదులు మీరే రాసిన చిన్న రకాన్ని అందులో పెట్టండి. అది తన కాపీలను లెక్కపెట్టుకుంటూ, మీరు చెప్పిన కాపీ దగ్గర ఎక్సెప్షన్ విసరాలి. ఒక లూపులో మొదటి కాపీ దగ్గర, తర్వాత రెండో కాపీ దగ్గర, అలా అసైన్‌మెంట్ పూర్తిగా గట్టెక్కేదాకా విఫలం చేస్తూ వెళ్లండి. ప్రతి వైఫల్యం తర్వాత ఎడమవైపు ఆబ్జెక్టును, ముందే దాచుకున్న దాని పాత విలువలతో పోల్చండి, ఆ రకానికి చెందిన ఆబ్జెక్టులు ఎన్ని బతికి ఉన్నాయో కూడా లెక్క చూడండి. డిలీట్ ముందు పెట్టిన ఆపరేటర్ ఈ లూపులో మొదటి సారే పట్టుబడుతుంది.